తీరిక దొరికిన పాఠకుడు

పదవీ విరమణ సభల్లో వక్తలందరూ చివర్లో ఒకే మాట చెబుతారు. ఇక హాయిగా మనవల్ని ఆడించుకుంటూ, నచ్చిన పుస్తకాలు చదువుకుంటూ కాలక్షేపం చేయండి అంటారు. శాలువా కప్పించుకున్న మనిషి తలూపుతాడు. మనవలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు కాబట్టి మొదటి సలహా ఎలాగూ ఏడాదికోసారే చెల్లుతుంది. రెండోది చెల్లుతుందని మాత్రం ఆయన గట్టిగానే నమ్ముతాడు. ముప్ఫై అయిదేళ్ళు ఆఫీసు ఫైళ్ళు చదివాం, ఇక మనకు కావలసింది చదువుకుందాం అనుకుంటూ ఇంటికొస్తాడు. తీరా చూస్తే బల్లమీద దినపత్రిక ఒక్కటే ఉంటుంది. దానికి ముప్పావుగంట పడుతుంది. పది కొట్టేలోపే చేతిలోకి ఫోను వచ్చేస్తుంది. భోజనానికి పిలిచేదాకా అది కిందికి దిగదు. పొద్దుటి నుంచి ఏం చదివారండీ అని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పడానికి ఏమీ గుర్తుకు రాదు. చదివింది తక్కువేమీ కాదు, అయినా గుర్తుకు రాదు.

ఇప్పుడు ఉద్యోగాలు ముగించుకుంటున్న తరం ఒక విధంగా ప్రత్యేకమైనది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్ళకు దిగుతాడు, తెలంగాణలో 61కి. అంటే వీళ్ళంతా 1963కి అటూ ఇటూ పుట్టినవాళ్ళు. కూడబలుక్కుని చదవడం చందమామతో నేర్చుకున్నారు. కాలేజీకి వచ్చేసరికి వారపత్రికల సీరియళ్ళు ఊరంతా చెప్పుకునే కబుర్లు. ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' వస్తున్నప్పుడు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి జంకినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. 1983లో ఎన్టీఆర్ విరమణ వయసును 58 నుంచి 55కి దించి ఒక్కసారిగా ఉద్యోగుల్ని ఇళ్ళకు పంపేసినప్పుడు వీళ్ళు డిగ్రీ పూర్తవుతున్న కుర్రాళ్ళు. ఆ మరుసటి ఏడే స్వాతి వారపత్రిక వచ్చింది. అనుకోకుండా ఇంట్లో కూర్చోవలసి వచ్చిన తండ్రీ, ఉద్యోగం ఇంకా దొరకని కొడుకూ ఒకే పత్రిక కోసం కాచుకుని ఉన్న ఇళ్ళు అప్పట్లో చాలానే ఉండి ఉంటాయి. ఆ కొడుకులే ఇప్పుడు పెన్షనర్లు. వారపత్రికల కాలంలో పెరిగిన చివరి తరం వీళ్ళదే, ఫోను చేతబట్టుకుని విరమణలోకి అడుగుపెట్టిన మొదటి తరమూ వీళ్ళదే. కాగితమా, తెరా అన్న ప్రశ్నకు జవాబు వీళ్ళనడిగి తెలుసుకోవాలి. రెండూ తెలిసినవాళ్ళు వీళ్ళే కనక.

ఆనాటి ఇంట్లో పత్రిక చదవడానికి ఒక వరస ఉండేది. పేపరబ్బాయి వసారాలోకి విసిరిన పత్రికను ముందు ఎవరు అందుకుంటే వాళ్ళదే ఆ వారం సీరియల్. నాన్నగారు సంపాదకీయం చూసి, ఆపైన వారఫలాలకు వెళ్ళేవారు. వాటిమీద నమ్మకం లేదంటూనే రెండుసార్లు చదివేవారు. అమ్మ మాలతీ చందూర్‌తో మొదలుపెట్టేది. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ శీర్షిక 'ప్రమదావనం' దశాబ్దాల తరబడి నడిచింది. వంటింటి సందేహాల దగ్గర్నుంచి అత్తగారికీ భర్తకూ చెప్పుకోలేని సంగతుల దాకా ఆ శీర్షికకు ఉత్తరాలుగా వెళ్ళేవి. పిల్లలకు కార్టూన్లు. తర్వాత పక్కింటివాళ్ళు, వాళ్ళ తర్వాత ఎదురింటివాళ్ళు. అన్ని చేతులు మారేసరికి అట్ట ఊడిపోయేది కానీ ఎవరూ పారేసేవారు కాదు. సీరియల్ ఇంకా అయిపోలేదు కదా!

అయ్యాక ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పేర్చి, బైండింగ్ చేసేవాడికి ఇచ్చేవారు. గుడ్డ వీపుతో, మందపాటి అట్టతో పుస్తకం తయారై వచ్చేది. సీరియల్ పేజీ వెనకవైపున్న సబ్బు ప్రకటన, సగంలో ఆగిన వంటకం, ఇంకెవరిదో కథలో ఆఖరి రెండు పేరాలు కూడా దాంతోపాటే బైండైపోయేవి. ఆ నవల తర్వాత విడిగా పుస్తకంగా వచ్చినా చాలా ఇళ్ళలో ఈ కుట్టించిన ప్రతి మీదే మక్కువ ఎక్కువ. ఇందులో బొమ్మలుండేవి. పుస్తకంగా వేసేటప్పుడు ప్రచురణకర్తలు ముందుగా తీసేసేది ఆ బొమ్మల్నే. అలాంటి కుట్టు పుస్తకాలు ఇవాళ్టికీ అటకల మీద ఉన్నాయి. వాటి సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

విరమణ తర్వాత మనిషికి పోయే వాటిలో జీతం ఒకటి, వారం ఒకటి. జీతం సగమై పెన్షనుగా వస్తుంది. వారం అలా కూడా రాదు. సోమవారం మీద చిరాకు ఉండదు, శనివారం మీద ఆశ ఉండదు. ఇవాళ ఏ వారమో తెలుసుకోవడానికి క్యాలెండరు చూడాల్సి వస్తుంది. ఇలాంటి ఇంటికి వారపత్రిక వస్తే అందులోని కథలకంటే ముందు అది తెచ్చేది ఒక రోజు. ఫలానా రోజు వస్తుందని ఎదురుచూడడం, రాకపోతే గేటు దాకా వెళ్ళి చూడడం, వచ్చాక వెంటనే విప్పకుండా మధ్యాహ్నానికి దాచుకోవడం. ఇవన్నీ పఠనంలో భాగమేనని ఉద్యోగంలో ఉన్నప్పుడు తట్టదు. ఫోనులో ఏదీ దాచుకోనక్కర్లేదు, ఎప్పుడు తెరిచినా ఉంటుంది. అందుకే దేనికోసమూ ఎదురుచూడం.

ఇక్కడ ఒక మాట. పదవీ విరమణ అనగానే మన ఊహలోకి వచ్చేది పడక్కుర్చీలో కూర్చున్న మగవాడే. ఉపాధ్యాయినులు, బ్యాంకు ఉద్యోగినులు, నర్సులు విరమణ చేయడం మనకు కొత్తేమీ కాదు. అయినా ఆ బొమ్మ మారలేదు. అసలు విరమణే లేని గృహిణి సంగతి సరేసరి. తెలుగు వారపత్రికలను దశాబ్దాల పాటు బతికించింది ఆమే. అంట్లు సర్దాక రెండింటికీ నాలుగింటికీ మధ్య ఆమెకు దొరికే గంటన్నరలోనే మన నవలా సాహిత్యంలో పెద్ద భాగం చదవబడింది. యద్దనపూడి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి లాంటి రచయిత్రుల పేర్లు ఇంటింటికీ చేరింది ఆ గంటన్నరలోనే. ఇప్పుడు ఆయన విరమణ చేసి ఇంట్లో ఉంటున్నాడు. ఆ గంటన్నరలో రెండు టీలు, మందుల డబ్బా ఎక్కడుందన్న వెతుకులాట, పదకేళిలో నిలువు ఏడుకి సమాధానం ఏమిటన్న ప్రశ్న చేరాయి. పైగా ఆయన పదకేళిని పెన్నుతో నింపేస్తాడు, తప్పులతో సహా. పాఠకుడికి తీరిక దొరికిన ఇంట్లోనే పాఠకురాలి తీరిక పోవడం చాలామంది గమనించని సంగతి. ఒక ఇంటికి రెండు పత్రికలు వేయించుకోవడానికి ఇంతకంటే మంచి కారణం మాకు తోచడం లేదు.

వేయించుకోవడానికి ఇప్పుడు ఎన్ని మిగిలాయన్నది వేరే ప్రశ్న. 1924లో పుట్టిన భారతి 1991లో ఆగిపోయింది. అదే ఏడు ఆంధ్రపత్రిక కూడా. అరవై ఏళ్ళు దాటి బతికిన చందమామ 2013 తర్వాత కనబడలేదు. ఆంధ్రభూమి 2020 లాక్‌డౌన్‌తో అచ్చు ఆపింది. నెలకో నవల ఇచ్చిన చతుర, దేశదేశాల కథలు తెచ్చిపెట్టిన విపుల 2021లో సెలవు తీసుకున్నాయి. స్వాతి ఇంకా వస్తోంది. ఆలోచించే పాఠకుల కోసం 1990లో మొదలైన మిసిమి వస్తోంది. చిన్న పత్రికలు కొన్ని సంపాదకుల పట్టుదల మీద, వాళ్ళ సొంత డబ్బు మీద నడుస్తున్నాయి. బస్టాండులో పుస్తకాల దుకాణం ఉన్నచోట ఇప్పుడు నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, ఫోను తొడుగులు వేలాడుతున్నాయి. ఓ మూల పోటీ పరీక్షల గైడ్లు, పంచాంగం. వారపత్రిక కావాలంటే ముందు రోజే చెప్పి ఉంచమంటారు.

ఏజెంటు లేనిచోట పోస్టు మీద ఆధారపడాలి. పత్రిక ఆఫీసులో ఒక వారం పనిచేసినవారికి ఎవరికైనా ఈ సంగతి తెలుస్తుంది: సంచిక అందలేదని ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. "పోయిన నెల సంచిక రాలేదండీ, ఈ నెలదన్నా పంపిస్తారా?" అని అడుగుతారు. గొంతులో కోపం ఉండదు, కాస్త మొహమాటం ఉంటుంది. అడ్రసు చెబుతారు, పిన్ కోడు రెండుసార్లు చెబుతారు, ఆపైన ఎదురింటి వాళ్ళ పేరు కూడా చెబుతారు. చందా నూట యాభయ్యో మూడొందలో అయి ఉంటుంది. వాళ్ళు అడుగుతున్నది ఆ డబ్బు లెక్క కాదని వినేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. మళ్ళీ పంపిస్తాం. కొన్నిసార్లు రెండూ ఒకేరోజు చేరతాయి. అప్పుడూ ఫోన్ చేస్తారు, రెండోది ఎవరికి ఇవ్వమంటారని అడగడానికి.

ఇక ఫోను సంగతి. పెద్దవాళ్ళకు ఫోను రాదు, డిజిటల్ అంటే భయం అన్న మాట ఇప్పటికి పాతబడిపోయింది. పెన్షన్ కావాలంటే ఏటా బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. 2014లో ఆ లైఫ్ సర్టిఫికెట్ డిజిటల్ అయింది, ఆ తర్వాత ఫోను ముందు ముఖం పెట్టి కళ్ళార్పితే చాలన్నదాకా వచ్చింది. ఖజానా ఆఫీసు వరసలో నిలబడి విసిగినవాడికి ఇంతకంటే పెద్ద ప్రలోభం ఏముంటుంది? పిల్లలు సముద్రాలు దాటారు, వీడియో కాల్ వచ్చింది. కరోనాలో పేపరబ్బాయి రాకపోవడంతో ఈ-పేపరు అలవాటైంది. ఉదయపు నడక బృందానికి ఒక వాట్సాప్ గ్రూపు, ఉద్యోగ సంఘానికి ఒకటి, పదో తరగతి బ్యాచ్‌కి ఇంకొకటి. తెల్లవారుజామున అయిదింటికే ఈ గ్రూపుల్లో పత్రికల పీడీఎఫ్‌లు పడతాయి. అన్ని పత్రికలూ, అన్ని జిల్లాల సంచికలూ. డబ్బిచ్చి కొనేరోజుల్లో ఒక్కటే చదివిన మనిషికి ఇప్పుడు ఉచితంగా పది వస్తున్నాయి. పదింటినీ దించుకుంటాడు కానీ ఒక్కటీ పూర్తిగా చదవడు. అది దొంగసొత్తని ఆయనకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆఫీసు పెన్ను ఇంటికి తెచ్చుకోవడానికి సంకోచించిన మనిషే ఇప్పుడు గ్రూపులో అందరికంటే ముందు పీడీఎఫ్ పెట్టినందుకు నమస్కారాలు అందుకుంటున్నాడు.

పీడీఎఫ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎనిమిది కాలమ్‌ల పేజీని అరచేతిలో పట్టే తెరమీద చూడడమంటే కిటికీ సందులోంచి ఊరేగింపు చూడడమే. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే వాక్యం చివర తెర బయటికి పోతుంది, పక్కకు జరిపితే మొదలు పోతుంది. కాలమ్ కిందికి దిగి మళ్ళీ పైకెక్కి పక్క కాలమ్ వెతుక్కునేసరికి విషయం మరిచిపోతాం. ఇందులో తప్పు పాఠకుడిది కాదు, ఫోనుది కూడా కాదు. కాగితం కోసం దిద్దిన పేజీకి ఫొటో తీసి డిజిటల్ అని పేరు పెట్టిన పత్రికలది. అదే రచనను తెరకు తగ్గట్టుగా, అక్షరం కావలసినంత పెద్దది చేసుకునేలా ఇస్తే కథ వేరు.

ఎందుకంటే కళ్ళ విషయంలో తెర చేసే మేలు చిన్నదేమీ కాదు. నలభై దాటాక చత్వారం, అరవై దాటాక శుక్లాలు, షుగరు ఉంటే రెటీనా జబ్బులు. సాదా న్యూస్‌ప్రింట్ మీద చిన్న అక్షరాల్లో వేసిన తెలుగు, ఒత్తులూ గుడులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, డెబ్భై ఏళ్ళ కంటికి పరీక్ష పెడుతుంది. మన అచ్చు పత్రికలు ఖర్చు తగ్గించుకోవడానికి అక్షరాల సైజు తగ్గించడం, తమ పాఠకుల సగటు వయసు పెరుగుతున్న కాలంలోనే జరగడం విచిత్రం. తెరమీద అక్షరాన్ని గోళీకాయంత చేసుకోవచ్చు. రాత్రి దీపం వేసి పక్కవాళ్ళ నిద్ర చెడగొట్టనక్కర్లేదు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు వేయడం తగ్గిస్తాం కాబట్టి కళ్ళు పొడిబారతాయి. అది నిజమే. అప్పుడప్పుడూ తలెత్తి కిటికీలోంచి దూరంగా చూడమని డాక్టర్లు చెప్పేది అందుకే. చదవడమే కుదరనివాళ్ళకు వినడం ఉంది. కిరణ్ ప్రభ గారి టాక్ షోలు వింటూ రచయితల జీవితాలన్నీ తిరగేస్తున్న పెద్దవాళ్ళు దేశవిదేశాల్లో ఎందరో. చూపు తగ్గినవారికి కాగితమే గొప్పదని ఉపన్యాసం ఇవ్వడం క్రూరత్వం.

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండివచ్చేవాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. పొద్దున్నే అందరూ పనులకు వెళ్ళిపోయాక ఆ నిశ్శబ్దపు ఇంట్లో తెలుగు అక్షరం కోసం మొహం వాచినవారికి దారి చూపినవి వెబ్ పత్రికలే. ఈమాట 1998 నుంచి వస్తోంది. మన అచ్చు పత్రికల్లో చాలావాటికి సొంత వెబ్‌సైటు లేని రోజులవి. కౌముది 2007లో కాలిఫోర్నియా నుంచి మొదలైంది. నెల మొదటి తారీఖున ధారావాహికలు, కథలు, శీర్షికలతో అచ్చంగా మాసపత్రికలా వస్తుంది. ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే పాఠకుల్ని తెరమీద కూడా తయారుచేయవచ్చని ఈ పత్రికలు రుజువు చేశాయి. పత్రికకు కావలసింది తారీఖూ సంపాదకుడూ. కాగితం ఆ తర్వాతి సంగతి.

సంపాదకుడి మాట ఎందుకంటే, ఫోనులో పెద్దవాళ్ళ ముందుకు వచ్చేదాంట్లో ఎక్కువ భాగానికి సంపాదకుడు లేడు. ఎవరో రాసిన కవిత ఇంకెవరి పేరు మీదో తిరుగుతుంది. ఫలానా ఆకు కషాయంతో షుగరు పోతుందని ఒక పెద్ద డాక్టరు పేరుతో వస్తుంది, ఆ డాక్టరుకు ఆ సంగతే తెలియదు. పాత పత్రికలు ఆరోగ్య చిట్కాలు వేయలేదా అంటే వేశాయి. కొన్నిసార్లు తప్పులూ వేశాయి. కానీ ఆఖరి పేజీ అడుగున సంపాదకుడెవరో, ప్రచురించిందెవరో, ఎక్కడ అచ్చయిందో చిన్న అక్షరాల్లో ఉండేది. 1867లో బ్రిటిష్ వాళ్ళు పత్రికల మీద నిఘా కోసం తెచ్చిన చట్టం నుంచి వచ్చిన నియమం అది. ఆ చట్టం స్థానంలో 2024 మార్చిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. నిఘా కోసం పుట్టిన ఆ రెండు పంక్తులే పాఠకుడికి హక్కుగా మారాయి. తప్పు రాస్తే ఎవరికి ఉత్తరం రాయాలో తెలిసేది. రిటైరైన మాస్టార్లు వ్యాకరణ దోషాలు ఎత్తిచూపుతూ పోస్టుకార్డులు రాసేవారు. ఆ కార్డులకు పత్రికలు భయపడేవి కూడా. ఫార్వర్డుకు ఎవరు కార్డు రాస్తారు, ఏ అడ్రసుకు?

ఇంతకీ మా పక్షం ఏదని అడిగితే, సాధారణంగా అనుకునే దానికి కొంచెం తిరగేసి చెబుతాం. పాతకాలపు మనిషికి కాగితం, కొత్తకాలానికి తెర అంటుంటారు. పెన్షనరు విషయంలో మాత్రం కొత్త సంచికను కాగితం మీద, పాత సంచికను తెరమీద చదవమంటాం. కొత్త సంచిక ఇంటికి వస్తే ఇద్దరు ముగ్గురు చదువుతారు, పనమ్మాయి కూతురు చదువుతుంది, వచ్చిన చుట్టం తిరగేస్తాడు. పైగా ఆ చందాతోనే పత్రిక బతకాలి. పాత సంచిక కాగితం మీద కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? 1930ల నాటి భారతిని ముట్టుకుంటే పొడి రాలుతుంది. అదే భారతిని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతికితే ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు కనిపిస్తాయి, చిన్నప్పుడు మనం చేజార్చుకున్న పత్రికలు కనిపిస్తాయి. వార్తల కోసం, వంటల వీడియోల కోసం ఫోను పట్టుకునే పెద్దవాళ్ళలో తాము పుట్టిన ఏడాది నాటి తెలుగు పత్రిక అదే ఫోనులో చదవవచ్చని తెలిసినవాళ్ళు తక్కువ. ఒకసారి చూపిస్తే మళ్ళీ ఫార్వర్డుల వైపు చూడనివాళ్ళున్నారు.

తెరను మరీ నమ్మడానికీ లేదు. చందమామను 2007లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తీసుకుంది. పాత సంచికలన్నీ వెబ్‌సైటులో పెట్టారు, అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ సంస్థ చితికిపోయాక పత్రికా పోయింది, సైటూ పోయింది. ఇవాళ మనకు దొరుకుతున్న పాత చందమామలు చాలావరకు పాఠకులు దాచి, దించి, స్కాన్ చేసి పెట్టినవే. వడ్డాది పాపయ్య అట్టమీది బొమ్మలు, చిత్రా, శంకర్ లోపలి బొమ్మలు ఇప్పటికీ రంగుల్లో చూడగలుగుతున్నామంటే ఆ ఓపికే కారణం. ఎవరి దగ్గరో అటక మీద కాగితం ఉండబట్టే తెరమీదకు రాగలిగింది.

అటక మీది కాగితంతో ఒక విశ్రాంత ఉద్యోగి ఏం చేయగలడో తెలుగువాళ్ళకు చూపించినవారు కథా రచయిత కాళీపట్నం రామారావు. భారతి పుట్టిన 1924లోనే ఆయనా పుట్టారు. విశాఖపట్నంలో హైస్కూలు లెక్కల మాస్టారుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. మన కథల్లో చాలా భాగం పుస్తకాల్లోకి ఎక్కలేదు, పత్రికల్లోనే ఉండిపోయాయి. కాబట్టి కథలు కావాలంటే పత్రికలు కావాలి. ఉత్తరాలు రాశారు, అడిగారు, తిరిగారు, మోయించుకొచ్చారు. ఎవరి ఇంట్లోనో ఎలుకలు కొడుతున్న సంచికలు శ్రీకాకుళం చేరాయి. అక్కడితో ఆగకుండా ఆ కథల వివరాలూ, చాలా కథల అచ్చు పేజీలూ కథానిలయం వెబ్‌సైటులోకి ఎక్కాయి. ఇప్పుడు న్యూజెర్సీలో కూర్చున్న పాఠకుడు తన చిన్ననాటి వారపత్రిక పేజీని ప్రకటనలతో సహా చూడగలడు. కాగితమా, తెరా అని ఆ మాస్టారు వాదన పెట్టుకున్నట్టు కనబడదు. 2021 జూన్‌లో కన్నుమూసేనాటికి ఆయన విరమణ జీవితం ఉద్యోగ జీవితం కంటే పొడుగు.

అంత పని అందరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. అయితే ఊళ్ళో గ్రంథాలయం ఉంటుంది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట వందేళ్ళ పత్రికలు దాచి ఉంచితే ఇవాళ్టికీ పరిశోధకులు రైలెక్కి వెళ్తున్నారు. మామూలు శాఖా గ్రంథాలయానికి అంత చరిత్ర ఉండకపోవచ్చు. కానీ పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్లమీద నలుగురు పెన్షనర్లు కూర్చుని ఉంటారు. వాళ్ళకు దొరికేది దినపత్రికలే. వార, మాసపత్రికల స్టాండు చాలాచోట్ల ఖాళీ. బడ్జెట్ లేదంటారు. నిజానికి మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయకపోవడం ఏళ్ళ తరబడి నలుగుతున్న ఫిర్యాదు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసుల్లో కాగితాలు నడిపినవారికి అర్జీ ఎలా రాయాలో, ఎవరికి నకలు పెట్టాలో, ఎన్ని రోజులకు రిమైండరు వేయాలో ఇంకొకరు నేర్పనక్కర్లేదు. మా ఊరి సెస్సు ఎంత వసూలైంది, ఎంత గ్రంథాలయానికి చేరింది అని సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు ఒకటి పెడితే చాలు. పదిమంది కలిసి పెడితే స్టాండులో నాలుగు పత్రికలైనా కనబడతాయి.

పాఠకులకు మా విన్నపాలు రెండు. ఈ ఏడాది ఏదో ఒక తెలుగు పత్రికకు చందా కట్టండి, అది మాదే కావాలని లేదు. ఇల్లు మారేటప్పుడో, పిల్లలు వచ్చి అటక ఖాళీ చేయమన్నప్పుడో పాత సంచికలనూ కుట్టించిన సీరియళ్ళనూ కిలోల లెక్కన తూకానికి వేయకండి. ఒక మధ్యాహ్నం కూర్చుని పత్రిక పేరు, నెల, సంవత్సరం వరసగా ఒక కాగితం మీద రాయండి. ఆ జాబితాను ఫోనుతో ఫొటో తీసి కథానిలయానికో, మీ దగ్గర్లోని పాత గ్రంథాలయానికో పంపండి. వాళ్ళ దగ్గర లేనిది మీ దగ్గర ఒక్కటైనా ఉండే అవకాశం చాలా ఎక్కువ.